ఇంగువ పెట్టిన చింతచెట్టు

"చచ్చిండా?" అని అడిగింది రషీదున్నీసా.

"సావలే. యాదన్న ఆటో తనంతట తనే ఎక్కిండు," అన్నాడు చిన్నకొడుకు అర్సలాన్.

వాడి చేతిలో రీపరు కర్ర ఇంకా అట్లాగే ఉంది. గోదాముల్లో సరుకు పేర్చే కట్టె ప్యాలెట్లకు కొట్టే రీపరు, మూరన్నర పొడుగు. దాని కొసన ఉన్న మేకుకు పక్కింటి ప్రహ్లాద్ నెరిసిన వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. అర్సలాన్ చొక్కా ముందుభాగమంతా నెత్తురు.

"సావకపోతే గింత నెత్తురేంది?"

"తలకాయ కదా అమ్మీ. తలకాయ పగిలితే గట్లనే కారుతది."

పది తలకాయలు పగలగొట్టి ఆరితేరినవాడిలా చెప్పాడు గానీ, ఇరవై ఆరేళ్ల బతుకులో అర్సలాన్ మనిషి మీద చెయ్యెత్తడం ఇదే మొదలు. రింగురోడ్డు పక్క గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుకునేవాడు. ఇంట్లో కోడిని కోయాల్సి వస్తే వీధిలోకి తప్పుకునేవాడు. వెళ్లి చింతచెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆ చెట్టు కోసమే కొట్టింది మరి.

వంటింటి గడపలో నిలబడి పెద్దకోడలు ఆమ్నా ఇదంతా వింటోంది. ఆమె దుపట్టా పట్టుకుని ఆరేళ్ల మాహిరా నిలబడింది. పిల్ల ఎడమచేతికి భుజం నుంచి మణికట్టు దాకా పిండికట్టు.

"ప్రహ్లాద్ సేటు ఏమన్నడు?" అని అడిగింది ఆమ్నా.

"ఏమంటడు? నేను కాదు, నాకేం తెల్వదు అన్నడు. దుకాణం నిండ ఇంగువ డబ్బీలు పెట్టుకుని, నాకేం తెల్వదంట."

"గట్లంటే కొట్టినవా?"

"గట్లన్నందుకే కొట్టిన భాభీ. తప్పు చేసిన అన్నా ఇడిసిపెడుదును."

ఆమ్నా పిల్ల తలను తన పొట్టకు అదుముకుంది.

అప్పుడే గేటు ముందు బండి పడ్డ చప్పుడైంది. స్టాండు వేసే ఓపిక కూడా లేక బండిని అట్లాగే వదిలేసి పెద్దకొడుకు తౌహీద్ లోపలికి వచ్చాడు. ప్యాలెట్ల కార్ఖానా అతనిదే. వాకిట్లో సగం ఆ రేకుల షెడ్డే. వస్తూనే తమ్ముడి చెంప మీద ఒకటి కొట్టాడు. ఎందుకు కొట్టాడో అర్థమయ్యేలోపు రెండోది కొట్టాడు.

"పెద్దమనిషిరా ఆయన! నాయిన చచ్చిననాడు దుకాణం మూసి మనెంబడి కబరస్తాన్ దాక నడిసొచ్చినోడు! ఆయన తలకాయ పగలగొడ్తవా?"

"మన చెట్టుకు ఇంగువ పెట్టిండు! నువ్వు పెద్దోనివి. నువ్వు చేయాల్సిన పని నేను చేసిన!"

"ముత్తంగి ఊరంతల ఇంగువ అమ్మేటోడు ఆయనొక్కడేనా? అయితే కారం అమ్మేటోళ్లందరూ కండ్లల్ల కారం కొట్టేటోళ్లేనా?"

"మరి చెట్టు తీసేయాలని మున్సిపాల్టీల కాయిదం పెట్టిందెవరు? గోడ పగిలిందని ఏడ్సిందెవరు? ఎవరు భాయ్, సెప్పు!"

తౌహీద్ జవాబు లేని అన్నలందరూ చేసే పనే చేశాడు, మూడో దెబ్బ కొట్టాడు. ఈసారి అర్సలాన్ ఊరుకోలేదు. తల వంచి అన్న పొట్టలోకి దూసుకెళ్లాడు. ఇద్దరూ కలిసి పేర్చి ఉన్న ప్యాలెట్ల మీద పడ్డారు. పైనున్న నాలుగు ప్యాలెట్లు దొర్లి వాళ్ల మీదే పడ్డాయి. తౌహీద్ కనుబొమ్మ చీలింది. అర్సలాన్ అన్న మెడను మోచేత్తో బిగించాడు. షెడ్డులో మేకులు కొడుతున్న బీహారీ కుర్రాళ్లిద్దరు సుత్తులు పట్టుకుని "అరె ఛోడో భాయ్, ఛోడో" అంటూ చుట్టూ తిరిగారు తప్ప దగ్గరికి రాలేదు.

రషీదున్నీసా కుళాయి కింద నిండిన బకెట్టు తెచ్చి, వీధికుక్కల మీద పోసినట్టు ఇద్దరి మీదా కుమ్మరించింది.

"లేవుండ్రి. మున్సిపాల్టాయన వచ్చిండు. ఇంటి మర్యాద ఎట్లున్నదో సూస్తున్నడు."

గేటు దగ్గర సూర్యారావు నిలబడి ఉన్నాడు.

*

సూర్యారావు మున్సిపాలిటీలో మొక్కల పని చూసే ఉద్యోగి. రెండేళ్ల కిందట భార్యను సొంతూళ్లో వదిలి బదిలీ మీద వచ్చాడు. ఆరు నెలలుగా ఆయన్ను ఎక్కువసార్లు కలిసిన మనిషి ఎవరంటే ఆయన భార్య కాదు, రషీదున్నీసా. ప్రహ్లాద్ చెట్టు మీద అర్జీ పెట్టిన నాటి నుంచి ఆమె పదకొండు సార్లు వెళ్లింది. చెట్ల రూల్సన్నీ నోటికి వచ్చేదాకా ఆయన బల్ల ముందు నుంచి లేవలేదు.

ఆ పొద్దున ఫోను చేసి పిలిచిందీ ఆమే. చెట్టు ఒకవైపు నెల రోజులుగా ఎండిపోతోంది. వానల్లో చింతాకు రాలడమేమిటని అర్సలాన్ మొదలు చుట్టూ తడిమి చూశాడు. వెనకవైపు, నడుమెత్తున, మట్టి పూసిన చోట వేలు పెట్టి గీరితే గుండ్రటి కట్టె బిరడా బయటపడింది. ఉలితో దాన్ని పెరికేసరికి గుప్పున ఇంగువ వాసన. అంతే. వాడు బిరడాను అక్కడే విసిరేసి, రీపరు అందుకుని ప్రహ్లాద్ దుకాణానికి పరిగెత్తాడు. ఉలి పట్టినవాడు ఒక్క నిమిషం ఆ బిరడాను చూసి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. ఆవేశపరుడికి ఆ ఒక్క నిమిషం ఎక్కడిది?

మొదలుకు రంధ్రం చేసి ఇంగువ దట్టిస్తే చెట్టు ఎండుతుందన్నది కట్టెపనివాళ్లలో తాతల నాటి మాట. చదువుకున్నవాళ్లు నవ్వుతారేమో. కట్టెపనివాళ్లు మాత్రం నవ్వరు.

సూర్యారావు నేల మీద నెత్తుటి చుక్కలు తప్పించుకుంటూ చెట్టు దగ్గరికి వచ్చాడు.

"ఇదేంటమ్మా?"

"చెట్టుది కాదు. నువ్వు చెట్టును సూడు," అంది రషీదున్నీసా.

ఆయన టేపుతో మొదలు చుట్టుకొలత తీశాడు. ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీశాడు. రంధ్రంలో పుల్ల పెట్టి లోతు చూసి, పుల్ల వాసన చూసి మొహం ముడుచుకున్నాడు.

"జానెడు లోతుందమ్మా. పని తెలిసినవాళ్లు చేసిందే. ఇది చెట్టు చావడం కాదు, చంపడం. పర్మిషన్ లేకుండా నరికినా, ఇట్లా మందు పెట్టినా మాకు ఒకటే. ఇంటివాళ్లు చేసినా, పక్కవాళ్లు చేసినా కేసు కేసే."

"రాయి. ప్రహ్లాద్ అని రాయి."

"పేరు నేను రాయకూడదు. మీరు రాసి సంతకం పెట్టండి, నేను పైకి పంపుతాను. మధ్యాహ్నం ఫారెస్టువాళ్లను తీసుకొచ్చి పంచనామా చేస్తాను. పోలీసులు కూడా వస్తారు." ఆయన తలెత్తి, గది రేకుల మీదికి వంగిన కొమ్మను చూశాడు. "ఇంకో మాట. ఈ వైపంతా ఎండిపోయింది. ఆ కొమ్మ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇంతకుముందు పచ్చటి చెట్టు కాబట్టి, జాగా మీ పేరున ఉంది కాబట్టి, మీ దరఖాస్తు లేకుండా మేం చెయ్యి వెయ్యలేదు. ఇప్పుడిది ప్రమాదం లెక్క. వారంలోపు మేమే తీసేస్తాం. మీ సంతకం అక్కర్లేదు."

వారంలోపు.

వంటింటి గడపలో ఆమ్నాకు ఆ మాట వినబడింది. ఆమె ఒంట్లోకి సంతోషం వచ్చింది. అబద్ధమెందుకు, సంతోషమే వచ్చింది. మే నెల గాలివానకు పెద్దకొమ్మ విరిగి రేకులు చీల్చుకుని, నిద్రపోతున్న మాహిరా మీద పడ్డ నాటి నుంచి ఆమె ఎదురుచూసిన మాట అది. పిల్ల మోచేతికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. విరిగిన కొమ్మ పక్కనే దానికంటే లావుపాటి కొమ్మ అదే గది మీద ఇంకా వేలాడుతోంది. ఆ కొమ్మనన్నా కొట్టించనివ్వమని ఆమ్నా అత్త కాళ్లు పట్టుకుంది. "ఇయ్యాల కొమ్మ అంటరు, రేపు మొదలు అంటరు" అంది అత్త.

అత్త మొండితనానికి కారణం లేకపోలేదు. ఆమె భర్త అబ్దుల్ కరీం నలభై ఏళ్లు కట్టెకోత మిషను మీద పనిచేశాడు. పోయే ముందు "ఊరోళ్ల చెట్లు ఎన్ని కోసిన్నో లెక్క లేదు. ఈ ఒక్కదాన్ని ముట్టకుండ్రి. అడిగితే దీన్ని సూపెడ్త" అన్నాడు. ఎవరు అడుగుతారో, ఎక్కడ అడుగుతారో చెప్పలేదు. చెప్పాల్సిన పనిలేదు.

రషీదున్నీసా ఆ మాటకు కాపలా కాసింది. కాపలా కాస్తూ కాస్తూ, ఒకనాడు అన్నాల దగ్గర గొప్పగా చెప్పింది. "పచ్చని చెట్టైతే నా సంతకం కావాలెనట. ఎండిన చెట్టైతే ఎవర్నీ అడగరట, వాళ్లే వచ్చి కొట్టుకపోతరట. అల్లా దయ, మనది పచ్చగున్నది."

ఆమ్నా ఆ రోజు అన్నం వడ్డిస్తూ ఆ మాట విన్నది.

"ఆ రంధ్రానికి పెట్టిన బిరడా ఏది?" అంటున్నాడు సూర్యారావు. "అది సాక్ష్యం. కవర్లో పెట్టాలి."

"గాడనే పారేసిన," అన్నాడు తడిసి ముద్దయిన అర్సలాన్, మొదలు వైపు చూపిస్తూ.

రషీదున్నీసా వంగింది. రాలిన ఆకుల్లోంచి తీసి, అంటిన ఇంగువను దుపట్టా కొసతో తుడిచింది. ఇద్దామని చెయ్యి సగం చాపింది. బొటనవేలు కట్టె మీద ఒకసారి జరిగింది, వెనక్కి జరిగింది, ఆగిపోయింది.

ఆమె చెయ్యి దుపట్టా లోపలికి పోయింది.

"దొరుకుతలేదు," అంది.

"ఇప్పుడే కదమ్మా వంగి..."

"ఆకు. చింతపుల్ల. ముసలి కండ్లు నాయి. నువ్ మధ్యాహ్నం రా సారూ, దేవులాడి పెడ్త."

సూర్యారావు ఆమె మొహం కేసి చూశాడు. పదకొండు సార్లు తన బల్ల ముందు కూర్చుని చిన్నక్షరాల కాగితం కళ్లజోడు లేకుండా చదివిన మనిషి ఆమె. ఆయన టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

*

రషీదున్నీసా వంటింట్లోకి వచ్చి తలుపు గడియ పెట్టింది.

"మాహిరా, లోపటి అర్రలకు పో బేటా."

పిల్ల పోయింది. మూలన పొట్టు పొయ్యి మండుతోంది. కార్ఖానాలో రాలిన రంపం పొట్టును కూరి వెలిగించే పొయ్యి అది. మీద అన్నం ఉడుకుతోంది.

"మాహిరా తొట్టె యాడున్నది?"

"అటక మీద."

"దింపు."

ఆమ్నా కదల్లేదు. దింపాల్సిన పని లేదని ఇద్దరికీ తెలుసు.

రషీదున్నీసా గుప్పిట విప్పింది. బొటనవేలంత లావు, బెత్తెడు పొడుగు బిరడా. చెట్టు బయటకు కనిపించే కొసను ఉలితో చెక్కి బెరడు మట్టానికి తెచ్చారు, మట్టి రాశారు. లోపలికి దిగిన కొసన రెండు సన్నటి గీతలు చుట్టూ తిరిగి ఉన్నాయి. గీతల నడుమ ఎర్రటి లక్క మెరుస్తోంది.

ఆమ్నా తండ్రి జోగిపేటలో ఖరాదు పనివాడు, కట్టెను గుండ్రంగా తిప్పి చెక్కే మిషను ఆయనది. మంచం కోళ్లు, తొట్టె కాళ్లు, చపాతీ కర్రలు, పిల్లల బొంగరాలు తిప్పేవాడు. ఏ కట్టెనూ ఆ రెండు గీతలు గీసి లక్క తాకించకుండా ఖరాదు మీది నుంచి దింపేవాడు కాదు. ఒట్టి కట్టెను దింపితే ఆ పూట అన్నం సయించదనేవాడు. మాహిరా తొట్టె కాళ్ల మీద ఉన్నవీ ఆ గీతలే. ఆయన పోయాక ఆ ఖరాదు కూతురితో పాటు ముత్తంగి వచ్చింది. తీరిక దొరికితే ఆమ్నా దాని మీద చపాతీ కర్రలు తిప్పుతుంది.

"లోపటికి పొయ్యే కొసకు లక్క ఎందుకే?" అంది రషీదున్నీసా. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది ఆ గొంతులో. "ఎవ్వరూ సూడని కొసకు లక్క ఎవరన్న పెడ్తరా?"

"తెల్వదు అమ్మీ. చెయ్యి పెట్టింది."

రషీదున్నీసా పట్కారు అందుకుంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోచేతి మీద. మూడోదానికి ఆమ్నా గోడకు తగిలి అక్కడే కూలబడింది. అరిస్తే తౌహీద్ వస్తాడని దుపట్టా నోట్లో కుక్కుకుంది. ఆమె అరవకపోవడం చూసి అత్తకు ఇంకా కోపం వచ్చింది. నాలుగోది నెత్తి మీద కొట్టబోయి, తప్పించి వీపు మీద కొట్టింది.

"ఎప్పుడు చేసినవ్?"

"బక్రీద్ తెల్లారి. మీరందరూ బొంతపల్లి దావతుకు పోయిండ్రు గదా."

"ఇంగువ?"

"సంగారెడ్డిల కొన్న. పిల్లను కట్టు మార్పియ్య తీస్కపోయిననాడు."

"నన్ను సంపకపోయినవ్! ఆ ఇంగువ నా నోట్ల కుక్కకపోయినవ్!"

"మీరు పోతే జాగా మీ కొడుకులిద్దరి పేరు మీదికి వస్తది. అప్పుడు ఇద్దరి సంతకాలు కావాలె."

అన్న తర్వాత గానీ తానేమన్నదో ఆమ్నాకు తెలియలేదు. రషీదున్నీసా చేతిలో పట్కారు ఆగిపోయింది. ఆమె పెదవి ఒకవైపు వంకర పోయింది. నవ్వు రాబోయిందో, ఏడుపు రాబోయిందో ఆమెకే తెలియాలి.

"కాళ్లు పట్టుకోలేదా మీయి?" అంది ఆమ్నా నేల మీది నుంచే. "ఒక్క కొమ్మ, అమ్మీ. ఒక్క కొమ్మ కొట్టనియ్యుండ్రి అని ఏడ్వలేదా? మామ చెట్టు మీకు కావాలె. నాకు నా బిడ్డ కావాలె. బిడ్డ చెయ్యి ఇగ సాపుగ రాదంట, తెల్సా మీకు? పెద్దయినంక గూడ వంకరనే ఉంటదంట. రేకుల మీద పుల్ల పడ్డా అది మంచం కిందికి దూరుతది. మీరు సూస్తలేరా?"

రషీదున్నీసా చూస్తూనే ఉంది. రోజూ చూస్తోంది. ఆ విషయంలో ఆమెను గుడ్డిదని ఎవరూ అనలేరు. ఆమె పీట మీద కూలబడింది.

కూర్చునే అన్నం గిన్నె మూత సర్దింది.

"నా కొడుకులకు తెలిస్తే నిన్ను సంపుతరు," అంది. "పొద్దున సూసినవ్ గదా. ఏం తెల్వనోని మీదనే గట్ల పడ్డడు చిన్నోడు. పెద్దోనికి నాయిన మాట అంటే ఖురాను లెక్క."

"మరి ప్రహ్లాద్ సేటు?"

"ఆయనకేమైంది? కుట్లు పడ్తయ్, మానుతయ్."

"ఆయన పేరు రాస్తున్నరు గదా అమ్మీ. ఆయన ఏం చేసిండు?"

"ఏం చెయ్యలే. అయినా మోస్తడు. కాయిదం పెట్టినోడు గదా, మోయనీ." రషీదున్నీసా లేచింది. "నువ్వు నా ఇంటి కోడలివి. ఆయన పక్కింటోడు. గంతనే."

బిరడాను పొట్టు పొయ్యిలోకి విసిరింది. గడియ తీసి, "అర్సలాన్, కాయిదం రాసినవా? తే, సంతకం పెడ్త" అంటూ వాకిట్లోకి వెళ్లిపోయింది.

మొదటి రాయి రేకుల మీద పడింది అప్పుడే.

*

రెండో రాయి కిటికీ అద్దం పగలగొట్టింది. మూడోది షెడ్డులో బీహారీ కుర్రాడి మోకాలికి తగిలింది. వాడు "అమ్మా" అని తెలుగులోనే అరిచాడు.

గేటు బయట ప్రహ్లాద్ కొడుకు రాహుల్ ఇనుప రాడ్డుతో నిలబడి ఉన్నాడు. కంపెనీ యూనిఫాంలోనే వచ్చాడు. వాడి వెనక పదిహేనుమంది. వాళ్లలో ఆరుగురు గల్లీవాళ్లు. మిగతా తొమ్మిది మంది ఎవరో ఈ ఇంటికీ తెలియదు, ఆ ఇంటికీ తెలియదు. ఎక్కడ ఎవరి తల పగిలినా సందు దొరికిందని చేరే మనుషులు ఉంటారు. అందరికంటే పెద్దగా అరుస్తున్నది వాళ్లే.

"అర్సలాన్! బయటికి రారా! ముసలాయన మీద కాదురా, నా మీద ఎత్తు కట్టె!"

ఆటో యాదన్న గేటుకు అడ్డం నిలబడి రెండు చేతులూ చాపాడు. ఆయన ఖాకీ చొక్కా మీద కూడా ప్రహ్లాద్ నెత్తురే. "రాహులూ, నా మాట ఇను. ఇది రెండిండ్ల కొట్లాట. రెండిండ్లల్లనే ఉంచు. దీన్ని ఇంకో కొట్లాట చెయ్యకు బిడ్డా" అంటున్నాడు. వెనక నుంచి ఎవరో ఆయన్ను కాలర్ పట్టి పక్కకు గుంజారు. యాదన్న పక్కనున్న మురికినీటి మోరీలో పడ్డాడు.

పొద్దున ఒకరి మెడ ఒకరు పిసికిన అన్నదమ్ములు ఇప్పుడు భుజం భుజం ఆనించి నిలబడ్డారు. అర్సలాన్ చేతిలో మళ్లీ రీపరు. తౌహీద్ షెడ్డులోకి వెళ్లి కట్టె కోసే గొలుసు మిషను తెచ్చాడు. తాడు గుంజాడు. మిషను రెండుసార్లు దగ్గి, గర్రుమంది. గొలుసు పళ్లు కనిపించకుండా తిరిగాయి.

"గేటు దాటిండ్రంటే ఎవని కాలు వానికి ఉండదు!"

గుంపు ఒక అడుగు వెనక్కి వేసింది. రాహుల్ వెయ్యలేదు. రాడ్డు ఎత్తి గేటు మీద కొట్టాడు. కొక్కెం ఊడిపోయింది.

రషీదున్నీసా సంతకం పెట్టిన కాగితం ఎత్తి పట్టుకుని అరిచింది. "ఇదిగో! నీ నాయిన నా చెట్టును సంపిండు! సర్కారుకు రాసిచ్చిన! దమ్ముంటే ఆడికి పోయి కొట్లాడు!"

అప్పుడు గుంపును తోసుకుంటూ కమల ముందుకు వచ్చింది. ప్రహ్లాద్ భార్య. చెప్పులు లేవు. భర్త తలకు అదిమి పట్టిన తువ్వాలు చేతిలోనే ఉంది. తెల్ల తువ్వాలని గుర్తుపట్టడానికి ఒక్క మూల మిగిలింది. ఆమె కొడుకును చూడలేదు, రషీదున్నీసాను చూడలేదు, మిషనునూ చూడలేదు. పగిలిన కిటికీ వైపు తిరిగింది.

"ఆమ్నా! ఓ ఆమ్నా! నువ్వు సెప్పు!"

కిటికీలో ఆమ్నా మొహం కనిపించింది.

"తొమ్మిదేండ్ల సంది ఆ గోడ మీదికెల్లి గిన్నెలు ఇచ్చుకుంటున్నం. నీ మాహిరా కాన్పుకు నొప్పులొస్తే పట్నం పోయే ఆటోల నీ తల నా ఒళ్లె పెట్టుకున్న. మీ ఇంట్ల వండింది మేం తినమని తెలిసి, పండుగకు సేమియా వండకుండ పొడిగనే పంపుతవు గదా నువ్వు, మా ఆచారం సూసి. గసొంటి దానివి నువ్వు అబద్ధం చెప్పవు. నువ్వు చెప్పింది ఇంట. మా ఆయనే చేసిండా? చేసిండంటే సెప్పు, నా కొడుకును తీస్కొని మల్లిపోత. ఆయన తలకు పద్నాలుగు కుట్లు పడ్డయ్. ఎడమ కన్ను తెరుస్తలేడు. తెరుస్తడో లేదో డాక్టరు చెప్తలేడు. కన్ను పోయినా పోనీ అనుకుంటా. ఊకెనే పోయిందంటే మాత్రం ఓర్వలేను. సెప్పు ఆమ్నా!"

గల్లీలో అరుపులు తగ్గాయి. మిషను మాత్రం గర్రుమంటూనే ఉంది.

ఆమ్నా కిటికీలోంచి మాయమైంది.

కమల తల వంచుకుంది. "చెప్పదు," అంది ఎవరితోనూ కాకుండా. రాహుల్ గేటును కాలితో తన్ని లోపలికి అడుగుపెట్టాడు. తౌహీద్ మిషను ఎత్తాడు.

వంటింట్లో ఆమ్నా పొట్టు పొయ్యి ముందు కూర్చుంది. అన్నం గిన్నె పక్కకు తోసింది. గంజి పొంగి కాలి మీద పడింది. పొయ్యి లోపల, నిప్పయిన పొట్టు మీద, బిరడా ఒకవైపు నల్లబడి ఉంది. ఎర్ర లక్క కొస ఇంకా అంటుకోలేదు, కరుగుతోంది. ఇంకొంచెం సేపు ఊరుకుంటే చాలు. చెట్టు పోతుంది, బిడ్డ బతుకుతుంది, తనూ బతుకుతుంది. ఊరుకోవడం ఒక్కటే పని.

పట్కారు అత్త ఎక్కడ పడేసిందో కనిపించలేదు. వెతకడానికి సమయం లేదు.

ఆమె పొయ్యిలో చెయ్యి పెట్టింది.

గడపలో నిలబడి చూస్తున్న మాహిరా కెవ్వుమంది. ఆ కేకకు వాకిట్లో అందరూ తిరిగి చూశారు. ఆమ్నా తలుపు తోసుకుని వచ్చింది. కుడి గుప్పిట బిగించి, దాన్ని ఎడమచేత్తో పట్టుకుని నడిచింది. గుప్పిట సందుల్లోంచి పొగ వస్తోంది. కాలిన తోలు వాసన, దాని వెనకే ఇంగువ వాసన. మరిది పక్క నుంచి, అత్త పక్క నుంచి నడిచి వెళ్లి కమల ముందు ఆగింది.

"ఆమ్నా, వద్దు!" అంది రషీదున్నీసా. ఇన్నేళ్లలో ఆమె ఎవరినైనా బతిమాలడం కొడుకులు వినలేదు. సంతకం పెట్టిన కాగితం ఆమె చేతిలోంచి జారిపోయింది.

"సేటు కాదు కమలక్కా," అంది ఆమ్నా. గుప్పిట విప్పింది.

బిరడా కింద పడలేదు. కరిగిన లక్క దాన్ని అరచేతికి అతికించేసింది. చుట్టూ చర్మం తెల్లగా లేచిపోయింది. కాలని కొస మీద రెండు గీతలు, ఎవరు గీసినవో తెలిసిపోయేటంత సన్నగా, శుభ్రంగా ఉన్నాయి.

కమలకు ఆ గీతలు అర్థం కాలేదు. రాహుల్‌కూ కాలేదు. ఆ ఇంట్లో ప్రతి పొద్దూ చపాతీ కర్ర మీద ఆ గీతలు చూసే మనిషికి మాత్రం అర్థమయ్యాయి.

తౌహీద్ భార్య చేతిని చూశాడు. చెట్టును చూశాడు. మళ్లీ భార్యను చూశాడు.

అతని చేతిలో మిషను ఇంకా తిరుగుతూనే ఉంది.